పాత లారీలో చల్లని గాలి

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని పెద్దలంటారు. ఆ మాటలోని సత్యం తెలియాలంటే మే నెల మధ్యాహ్నం విజయవాడలో నిలబడితే చాలు. ఒకవైపు ఇంద్రకీలాద్రి బండలు, మరొకవైపు కృష్ణలో బయటపడిన ఇసుక తిన్నెలు పగలంతా వేడిని దాచుకొని రాత్రి కూడా వెదజల్లుతుంటాయి. బెజవాడకు 'బ్లేజువాడ' అనే పేరు ఊరికే రాలేదు. 2003లోను, 2015లోను వడగాలులు ఒక్కొక్క వేసవిలో తెలుగు నేల మీద వెయ్యిమందికి పైగా ప్రాణాలు తీశాయి. ఆ ఎండలో నీడకు చేరగలిగినవారు చేరతారు. వృత్తిరీత్యా చేరలేనివారిలో లారీ డ్రైవరు ఒకడు.

విజయవాడకు లారీ కొత్త కాదు. చెన్నై, కలకత్తా, హైదరాబాదు దారులు ఇక్కడ కలుస్తాయి. కృష్ణా జిల్లా లారీ యజమానుల సంఘం దేశమంతటా పేరెన్నిక గన్నది. నగరపు తూర్పు అంచున ఉన్న జవహర్ ఆటోనగర్‌లో ఇంజను విప్పేవారు, రేకు వంచేవారు, వెల్డింగు చేసేవారు, రంగులద్దేవారు వందల షెడ్లలో పనిచేస్తుంటారు. టాటా సంస్థ 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్-బెంజ్ సహకారంతో లారీల తయారీని ప్రారంభించిన నాటి నుంచి, చాలాకాలంపాటు కర్మాగారం నుంచి వచ్చేది ఇంజను, చట్రం మాత్రమే. డ్రైవరు కూర్చునే గదిని కట్టింది ఇటువంటి షెడ్లలోని వడ్రంగులు, మేస్త్రీలే. కర్ర చట్రం మీద రేకు బిగించి, రంగురంగుల పూలు, దేవుళ్ళ పేర్లు రాసి ఆ లారీకి ఒక రూపమిచ్చారు. అది చూడముచ్చటైన పనితనమే. అయితే ఆ అందమంతా బయటివారి కోసం.

లోపలి సంగతి వేరు. ఆ పాత లారీలలో అనేకం ఇంజనును కేబిన్ నడుమనే ఉంచుకొన్నవి. డ్రైవరుకు, క్లీనరుకు మధ్య దాని మూత గుదిబండలా ఉంటుంది. దానిపై మడిచిన గోనెపట్టా వేసినా వేడి ఆగదు. పైన రేకు కప్పు, ఎదుట పెద్ద అద్దం, పక్కన ఇంజను. మూడు దిక్కుల నుంచి వచ్చే సెగకు డ్రైవరు చేయగలిగిన చికిత్స తలకు తడి తువ్వాలు చుట్టుకోవడమే. కిటికీ తెరిస్తే గాలి వస్తుంది కదా అనవచ్చు. మనిషి దేహోష్ణం సుమారు 37 డిగ్రీలు. బయటి గాలి అంతకన్నా వేడిగా ఉన్నప్పుడు ఆ గాలి ఒంటికి వేడినే చేరుస్తుంది. అప్పుడు శరీరానికి మిగిలే ఆధారం చెమట ఆరడం ఒక్కటే. డెల్టాలోని ఉక్కపోత దానికీ అడ్డుపడుతుంది.

కళింగ దండయాత్ర వేళ విజయవాటికి వచ్చి, కృష్ణాతీరంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును సేవించిన శ్రీకృష్ణదేవరాయలు 'ఆముక్తమాల్యద' ద్వితీయాశ్వాసంలో గ్రీష్మాన్ని విపులంగా వర్ణించాడు. నాటి బాటసారికి చెట్టునీడ, చలివేంద్రం దక్కేవి. లారీ డ్రైవరు కూడా బాటసారే. అయితే బాట పొడవునా కుంపటిని పక్కన పెట్టుకొని పోయే బాటసారి. ఇటువంటి గ్రీష్మం ఏ ప్రబంధకవికీ తట్టి ఉండదు.

యంత్రంతో చల్లదనం తెచ్చే విద్య చరిత్రను గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. 1902లో అమెరికాలో విల్లిస్ కారియర్ తన తొలి యంత్రాన్ని రూపొందించింది మనుషుల కోసం కాదు, ఒక ముద్రణాలయంలో తేమకు కాగితం సాగిపోకుండా ఉండేందుకు. 1930ల చివర ఫ్రెడరిక్ జోన్స్ లారీకి శీతల యంత్రం అమర్చింది అందులోని ఆహారపదార్థాలు చెడిపోకుండా ఉండేందుకు. మన డెల్టాలోనూ అదే క్రమం. కైకలూరు, ఆకివీడు ప్రాంతాల చేపలు మంచుముక్కల నడుమ భద్రంగా కలకత్తా దాకా ప్రయాణిస్తాయి. రొయ్యలు శీతల వాహనాలలో ఓడరేవులకు తరలుతాయి. చేపకు మంచు వేయడం అవసరమని అందరూ ఒప్పుకొంటారు. చేపను మోసుకుపోయే మనిషికి చల్లదనం అనగానే అది విలాసమవుతుంది!

ఈ ఆలోచన కొంత మారింది. 2023 డిసెంబరులో కేంద్ర రోడ్డు రవాణా, రహదారుల మంత్రిత్వ శాఖ, మూడున్నర టన్నులకు మించిన కొత్త సరుకు వాహనాల కేబిన్లలో ఎ.సి. తప్పనిసరి అంటూ నిబంధన ప్రకటించింది. 2025లో అది అమలులోకి వచ్చింది. సంతోషించవలసిందే. కాని నిబంధన కొత్త లారీలకే పరిమితం. లారీ పది, పదిహేనేళ్ళు, అంతకు మించి కూడా తిరుగుతుంది. యజమానుల చేతులు మారే కొద్దీ పాతబడిన వాహనం పేద యజమాని వద్దకు, తక్కువ జీతపు డ్రైవరు వద్దకు చేరుతుంది. చట్టపు నీడ ఎవరికి ఎక్కువ అవసరమో వారి మీదనే అది పడలేదు.

కాబట్టి పాత లారీలకు కూడా ఎ.సి. అమర్చే ప్రయత్నం జరగాలి. దీనికి వినిపించే అభ్యంతరాలలో ఒకటి, చల్లగా ఉంటే డ్రైవరు నిద్రపోతాడన్నది. వేడికి సొమ్మసిల్లే మనిషి మెలకువగా ఉంటాడని నమ్మేవారికి సమాధానం చెప్పడం కష్టం. నిద్రకు మందు విశ్రాంతి, ఎండ కాదు. రెండవది ఖర్చు. ఇది తేలికగా కొట్టిపారేయదగినది కాదు. పాత ఇంజన్ల శక్తి వంద అశ్వశక్తికి కాస్త అటూ ఇటూ. నిండు బరువుతో ఎత్తు ఎక్కుతున్నప్పుడు అందులో కొన్ని కంప్రెసరుకు పోతే బండి ఈడ్వదు, డీజిలూ కొంత ఎక్కువ తాగుతుంది. కిరాయిల మీద బతికే ఒంటి లారీ యజమానికి ఇది భారమే.

అందుకే పని ఎక్కడ మొదలుపెట్టాలన్నది ముఖ్యం. ఎ.సి. చల్లదనాన్ని సృష్టించదు. ఇంజను బెల్టుతో తిరిగే కంప్రెసరు వాయువును నొక్కుతుంది. కండెన్సరులో అది తన వేడిని బయటి గాలికి వదిలి ద్రవమవుతుంది. కేబిన్ లోపలి గొట్టాలలో తిరిగి ఆవిరి అవుతూ అక్కడి వేడిని పీల్చుకొంటుంది. అంటే వేడిని లోపలి నుంచి తోడి బయట పారబోయడమే దాని పని. చిల్లుపడిన పడవలో నీరు తోడేవాడు ముందు చిల్లు మూయాలి కదా! ఇంజను మూతకు వేడిని ఆపే పొర, కప్పు రేకు కింద మరొక పొర, తలుపులకు రబ్బరు బీడింగు, పెడల్స్ చుట్టూ ఉన్న సందులకు మూతలు ముందు అమరాలి. ఇవి లేని కర్ర కేబిన్‌లో ఎంత పెద్ద ఎ.సి. అయినా దండగే. ఇవి ఉంటే చిన్న యంత్రం చాలు. అసలు ఎ.సి. కొనలేనివారికి ఈ మరమ్మతు ఒక్కటే కొంత ఊరటనిస్తుంది. పాత వైర్లకు కొత్త బరువు తగిలిస్తే మంటలు రేగే ప్రమాదమున్నందున, ఆల్టర్నేటరును, తీగలను పరీక్షించకుండా ఈ పనికి పూనుకోరాదు.

ఈ పనులు తెలిసిన చేతులు ఆటోనగర్‌లో ఉన్నాయి. కర్మాగారాలే పూర్తి కేబిన్లు కట్టి పంపుతున్నందున అక్కడి బాడీ కట్టే మేస్త్రీలకు పూర్వపు పని తగ్గింది. వారికి ఇదొక కొత్త దారి కాగలదు. అయితే తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధమైన మార్పులను మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను అనుమతించదు. ఏ అమరిక చెల్లుతుందో, దేనికి అనుమతి కావాలో రవాణా శాఖ తేట తెలుగులో ప్రకటిస్తే, మేస్త్రీ భయం లేకుండా పనిచేస్తాడు, యజమాని తనిఖీల వద్ద తలవంచుకోడు. ఖర్చులో కొంత సరుకు పంపేవారు కూడా భరించాలి. చేపల పెట్టెలో వేసే మంచు ధర సరుకు లెక్కలో కలుస్తుంది. అదే కాగితం మీద, ఆ కింది వరుసలో, డ్రైవరు కేబిన్ ఖర్చుకూ చోటుంది.