తప్పెవరిదని అడగని పరిహారం



రోడ్డు ప్రమాదంలో మనిషిని పోగొట్టుకున్న ఇంటికి పరామర్శకు వెళ్లినప్పుడు మేము తరచు వినే మాట ఒకటున్నది. "తప్పు మావాడిదేనట, బండికి అడ్డం వెళ్లాడట. ఇక మాకేమి వస్తుంది?" అంటూ వారు మిన్నకుంటారు. ఈ నెల ఆ మాటకే జవాబు చెప్పదలచాము.

తప్పుతో నిమిత్తం లేని పరిహారం మన దేశంలో 1982 నుండి ఉన్నది. అప్పట్లో మరణానికి 15,000 రూపాయలు మాత్రమే. మోటారు వాహనాల చట్టాన్ని 2019లో సవరించారు. ఆ ప్రకారం 2022 ఏప్రిల్ 1 నుండి 164వ సెక్షను క్రింద మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇవ్వాలి. ఎముక విరిగినా తీవ్ర గాయమే. డ్రైవరు నిర్లక్ష్యాన్ని మనం రుజువు చేయనక్కరలేదు. గుద్దిన బండికి ఇన్సూరెన్సు ఉంటే కంపెనీ, లేకుంటే యజమాని చెల్లించాలి.

అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. డ్రైవరు తప్పు రుజువు చేయగలిగితే, 166వ సెక్షను క్రింద చనిపోయినవారి వయస్సు, సంపాదన, వారిపై ఆధారపడినవారి సంఖ్య లెక్కగట్టి పరిహారం నిర్ణయిస్తారు. సంపాదించే యువకుని విషయంలో అది 5 లక్షల కంటె చాలా ఎక్కువ కావచ్చు. ఒకసారి 164 క్రింద సొమ్ము అంగీకరిస్తే ఈ రెండవ దారి మూసుకుపోతుంది. కనుక దుఃఖంలో ఉన్న ఇంటికి ఎవరో కాగితం తెచ్చి సంతకమో వేలిముద్రో అడిగితే తొందరపడవద్దు. ముందు చదివించుకోండి.

గుద్దిన బండి ఆగకుండా పోయి, దాని ఆచూకీ దొరకనప్పుడు కూడా సహాయమున్నది. మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయలు. దీనికి ప్రమాదం జరిగిన ప్రాంతపు రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టాలి.

ఏ దారి పట్టినా పోలీసు ఫిర్యాదు ముఖ్యం. ఎఫ్.ఐ.ఆర్., పోస్టుమార్టం రిపోర్టు లేక గాయాల సర్టిఫికెట్టు, ఆసుపత్రి బిల్లులు, బండి నంబరు భద్రపరచండి. ట్రిబ్యునల్లో కేసు వేయడానికి 2019 సవరణ పెట్టిన గడువు ప్రమాదం జరిగిననాటి నుండి ఆరు నెలలు. పెద్దకర్మలు, పంటపనులు అయ్యాక చూద్దామనుకుంటే ఆరు నెలలు ఇట్టే గడిచిపోతాయి. ప్రమాదం ఎక్కడ జరిగినా, మీరు నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్లోనే కేసు వేయవచ్చు. స్త్రీలకు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది.

విధవరాలి ఇంట భోజనం పంపడం మంచిదే. ఆమె కాగితాలు చదివి, కోర్టు వరకు తోడు వెళ్లడం కూడా పరామర్శలో భాగమేనని మా మనవి.