చాలని చిరునామాలు

కంప్యూటర్ అంతర్భాగాలను గురించి తెలుగు అధ్యాపకుడు వ్రాయడమేమిటని కొందరు విద్యార్థులకు తోచవచ్చును. పేరు పెట్టి పిలువలేని వస్తువు ఉన్నా లేనట్లే అన్న సంగతి భాష చదువుకొన్నవారికి కొత్త కాదు. పాత ప్రాసెసర్లకు పెద్ద మెమరీతో వచ్చిన చిక్కు సరిగ్గా ఇటువంటిదే.

మెమరీలోని ప్రతి బైటుకూ ఒక సంఖ్య ఉండాలి. అదే దాని చిరునామా. ఆరంకెల పిన్ కోడుతో పది లక్షలకు మించి గుర్తులు ఇవ్వలేనట్లే, 32 బిట్ల సంఖ్యతో 4,29,49,67,296 బైట్లకు మించి, అనగా 4 గిగాబైట్లకు మించి, గుర్తింపు సాధ్యం కాదు. 1985లో ఇంటెల్ సంస్థ 80386 ప్రాసెసరును వెలువరించినప్పుడు అది తరగని నిధి వలె కనిపించినది. పదేండ్లు గడిచేసరికి పెద్ద సర్వర్లకు ఆ హద్దు కనుచూపు మేరలోకి వచ్చినది.

1995లో వచ్చిన పెంటియం ప్రోలో ఇంటెల్ ఒక ఉపాయం పన్నినది. దాని పేరు ఫిజికల్ అడ్రస్ ఎక్స్‌టెన్షన్, పొట్టిగా పి.ఏ.ఈ. మెమరీ చిరునామాను 36 బిట్లకు పెంచి, 64 గిగాబైట్లకు దారి తెరిచినారు. మెమరీని 4 కిలోబైట్ల పుటలుగా విభజించి, ఏ పుట ఎక్కడున్నదో చెప్పే పట్టికలను ప్రాసెసర్ వాడుకొంటుంది. ఆ పట్టికలోని పద్దు 4 బైట్ల నుండి 8 బైట్లకు పెరిగినది. కనుక ఒక్కొక్క పట్టికలో 1024 పద్దులకు బదులు 512 మాత్రమే పట్టినవి. పైన ఇంకొక అంతస్తు కట్టవలసి వచ్చినది. ఇంతా చేసి, ఏ ఒక్క ప్రోగ్రామూ ఒకేసారి చూడగలిగినది మునుపటి 4 గిగాబైట్లే! ఇల్లు పెరిగినది గాని కిటికీ పెరగలేదు.

ఈ లోపాన్ని సర్దే భారం ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ అయిన కెర్నెల్‌పై పడినది. లినక్స్‌లో సాధారణంగా ఆ 4 గిగాబైట్లలో 3 ప్రోగ్రాముకు, 1 కెర్నెల్‌కు కేటాయింపు. ఆ ఒక్కటిలో కెర్నెల్ ఎల్లవేళలా కండ్లెదుట ఉంచుకోగలిగినది సుమారు 896 మెగాబైట్లు. తక్కినదంతా దూరపు మెమరీ. కావలసినప్పుడు కొంత తెచ్చి ముందు పెట్టుకోవాలి, పని కాగానే తీసివేయాలి. గ్రంథాలయంలో పుస్తకాలు ఎన్ని చేరినా లైబ్రేరియన్ మేజా అంతే ఉన్నట్లు. పైగా జాబితా పుస్తకం కూడా ఆ మేజామీదనే ఉండాలి! 64 గిగాబైట్లలో 1,67,77,216 పుటలున్నవి. ఒక్కొక్క పుట వివరానికి 32 బైట్లు చొప్పున లెక్కించినా, జాబితాయే 512 మెగాబైట్లు ఆక్రమిస్తుంది. మేజాలో సగానికి పైగా జాబితాకే పోయిన తరువాత పని ఎక్కడ జరుగుతుంది? 2003లో రెడ్ హ్యాట్ సంస్థ కెర్నెల్‌కు వేరుగా 4 గిగాబైట్ల కిటికీ ఇచ్చి చూచినది. అప్పుడు ప్రోగ్రాము నుండి కెర్నెల్‌లోకి పోయిన ప్రతిసారీ పట్టికలు మార్చవలసి వచ్చి వేగం తగ్గినది. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఈ పద్ధతిని బహిరంగంగానే నిరసించినారు. ఆయన కోపం న్యాయమైనదేనని నా అభిప్రాయం.

విండోస్ కథ మరొక తీరు. 2004లో ఎక్స్‌పీ రెండవ సర్వీస్ ప్యాక్ వచ్చినది. రక్షణ సౌకర్యం కొరకు అది పి.ఏ.ఈ.ని వాడుకొన్నది, కాని మెమరీకి 4 గిగాబైట్ల హద్దును దాటనీయలేదు. అదే కాలపు సర్వర్ 2003 డేటాసెంటర్ కూర్పు మాత్రం 64 గిగాబైట్ల వరకు అంగీకరించినది. పెద్ద చిరునామాలను ఎరుగని డ్రైవర్ల వలన యంత్రం కూలిపోతుందన్నది మైక్రోసాఫ్ట్ వాదన. అందులో నిజం లేకపోలేదు; వ్యాపారమూ లేకపోలేదు.

2003లో ఏ.ఎం.డి. వారి ఆప్టెరాన్ రాకతో అదే కుటుంబానికి 64 బిట్ల మార్గం ఏర్పడినది. పెద్ద మెమరీ కోరినవారంతా క్రమంగా అటే నడిచినారు. 2025లో వెలువడిన లినక్స్ 6.15లో, 32 బిట్ల ప్రాసెసర్లపై 4 గిగాబైట్లకు మించిన మెమరీకి ఉన్న మద్దతును తొలగించినారు. దీనికి విచారించనక్కరలేదు. ఆ యంత్రాలు ఒకనాటి సంపన్న సంస్థల సర్వర్లు. వాటి యజమానులు ఎప్పుడో కొత్తవి కొనుక్కొన్నారు.

కాని పెద్ద మెమరీ గల పాత యంత్రాన్ని వదలడం వేరు, చిన్న మెమరీ గల పాత యంత్రాన్ని వదలడం వేరు. రెండవది పేదవాని చేతిలో ఉంటుంది. 2012లో విండోస్ 8 పి.ఏ.ఈ. లేని ప్రాసెసరుపై నడవనన్నది. ఆ యేడే ఉబుంటు 12.10లో పి.ఏ.ఈ. అక్కరలేని కెర్నెల్‌ను మానివేసినారు. అర గిగాబైటు మెమరీ గల ల్యాప్‌టాప్‌కు 64 గిగాబైట్ల చిరునామా పద్ధతి లేదని ప్రవేశం నిరాకరించినట్లయినది! విచిత్రమేమనగా, 2003 నాటి తొలి పెంటియం ఎం ప్రాసెసర్లలో ఆ శక్తి ఉన్నది, కాని అడిగితే ఉన్నదని చెప్పవు. వాటికొరకు 2014లో లినక్స్‌లో 'ఫోర్స్‌పే' అనే ఆదేశం చేర్చినారు. ఆ పాటి శ్రద్ధ ముందే చూపవలసినది.

కళాశాల కమిటీవారికి ఒక మనవి. 2006 తరువాతి కోర్ 2 డుయో వంటి ప్రాసెసర్లు 64 బిట్లవే. అయినా వాటిలో అనేకం 32 బిట్ల ఆపరేటింగ్ సిస్టమ్‌తోనే నడిచినవి. పాత యంత్రాన్ని తుక్కుకు వేయక ముందు, లేదా అదనపు మెమరీకి డబ్బు పెట్టక ముందు, ప్రాసెసర్ ఏదో, మదర్‌బోర్డు ఎంత మెమరీ భరించగలదో చూపించండి. ప్రాసెసర్ 64 బిట్లదైతే, దానికి తగిన లినక్స్ వేయడానికి రూపాయి ఖర్చు లేదు. ఒక పూట శ్రమ చాలు.