బ్లేడు పక్కన పెడదాం

ఆపరేషన్‌కు ముందు రాత్రి సబ్బు నురగ పూసి, బ్లేడుతో నున్నగా గీయడమే "పార్ట్ ప్రిపరేషన్" అని మాకు ట్రెయినింగులో నేర్పారు. ఒక్క వెంట్రుక మిగిలినా థియేటర్ సిస్టర్ చేత చీవాట్లు తిన్నవాళ్లం. మా స్టూడెంట్లకూ అదే నేర్పాం. ఎంతమందికి అలా చీము తెప్పించామో!

బ్లేడు నడిచినచోట కంటికి కనబడని గాట్లు పడతాయి. తెల్లవారేసరికి వాటిలో సూక్ష్మక్రిములు పెరుగుతాయి. 1971లోనే సెరోపియన్, రేనాల్డ్స్ అనే పరిశోధకులు లెక్క చూపారు: బ్లేడుతో గీసినవారిలో 5.6 శాతం మందికి గాయం చెడింది. అసలు గీయనివారిలో, వెంట్రుకలు రాల్చే క్రీము రాసినవారిలో 0.6 శాతం మందికే. వెంట్రుకలు తీయవద్దనీ, తప్పనిసరైతే క్లిప్పర్‌తోనే కత్తిరించాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో గట్టిగా చెప్పింది.

అయినా ట్రేలో బ్లేడు కనబడుతూనే ఉంది. క్లిప్పర్ ఖరీదంటారు. కుట్లు చీముపట్టి మంచాన పడ్డ కూలిమనిషి పోగొట్టుకునే రోజుల ఖరీదు ఎవరు కడుతున్నారు? "గీయకుండానే ఆపరేషనా సిస్టరమ్మా?" అని బంధువులు అడుగుతారు. చెబితే వింటారు. (కొందరు పెద్ద డాక్టర్లకు చెప్పడమే కష్టం.)

వార్డు సిస్టర్లారా, వచ్చే ఇండెంటులో షేవింగ్ బ్లేడ్లు కొట్టేసి, క్లిప్పర్లు, రోగి రోగికీ మార్చే వాటి హెడ్లు రాయండి. సంతకం మేము పెడతాం.