కొత్త కొండలు తవ్వొద్దు, పాత కంకరనే గట్టిచేయండి

పంట పండించడం ఒక ఎత్తు, దాన్ని మార్కెట్టుకు చేర్చడం ఇంకో ఎత్తు. గుంతల రోడ్డు మీద పత్తికొండ టమాటా నలిగినా, పులివెందుల అరటి కమిలినా ధర తెగేది మనకే. బాడుగ పెరిగితే ఆ భారమూ మనదే. అందుకే రోడ్డు ఎలా వేస్తున్నారన్నది ఇంజనీర్లకే వదిలేసే విషయం కాదు.

నంద్యాల, కోవెలకుంట్ల, జమ్మలమడుగు వైపు నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలిస్తుంది. పైనున్న రోడ్డు కుంగిపోతుంది. ప్రతిసారీ పాత రోడ్డు మీదే కొత్త కంకర పోసి, పలచగా తారు పూస్తున్నారు. రోడ్డు మట్టం పెరిగేకొద్దీ వాననీళ్లు పక్క చేలల్లో నిలుస్తున్నాయి. ఆ కంకర కోసం మళ్లీ కొండలు తవ్వుతున్నారు. కంకర మోసే టిప్పర్లు ఉన్న రోడ్లను కూడా పాడుచేస్తున్నాయి.

దీనికి ఇంకో పద్ధతి ఉంది. సుమారు 160–180 డిగ్రీల వేడి తారులోకి 2–3 శాతం చన్నీళ్లు, గాలి కొడితే అది నురుగై పది రెట్లకు పైగా పొంగుతుంది. పాత రోడ్డును యంత్రంతో తవ్వి పొడిచేసి, అక్కడికక్కడే ఆ కంకరలో ఈ నురుగు కలుపుతారు. కంకరను వేడి చేయనక్కర్లేదు. 2–2.5 శాతం తారు, 1 శాతం లోపు సిమెంటు చాలు. రోలరుతో తొక్కి, పైన తారు పొర వేస్తారు. 1956లో అమెరికాలోని అయోవాలో మొదలైన ఈ పద్ధతి ఆస్ట్రేలియా, దక్షిణాఫ్రికాల్లో బాగా వాడుకలో ఉంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2018 మార్గదర్శకాల్లోనూ దీనికి చోటుంది.

అయితే ఇది అన్ని రోగాలకూ మందు కాదు. కంకరలో కొంత మెత్తని పొడి ఉండాలి, బంకమన్ను ఎక్కువైతే నురుగు పట్టదు. గట్టిపడేది కంకర పొరే, కిందున్న రేగడి కాదు. నీళ్లు పోయే కాలువ లేకపోతే ఎంత మంచి పొరయినా కుంగుతుంది.

అందుకే మేము అడిగేది ఇది:

1. అంచనాలు వేయకముందే పాత రోడ్డులో గుంతలు తీసి, కంకరనూ మట్టినీ పరీక్షించాలి. పాత కంకర పనికొస్తే దాన్నే వాడాలి.

2. రేగడి నేలల్లో ముందు సున్నంతో మట్టిని గట్టిచేయాలి, లేదా మందంగా గరుసు పరచాలి. పక్క కాలువలు, కల్వర్టులు అంచనాలోనే ఉండాలి.

3. ఒక్కో కిలోమీటరుకు పెద్ద యంత్రం తెస్తే గిట్టదు. మండలంలోని రోడ్లన్నిటినీ కలిపి ఒకే టెండరు పిలవాలి.

4. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన రోడ్లకు కాంట్రాక్టరే ఐదేళ్లు మరమ్మతు చేయాలన్న నిబంధన ఉంది. అన్ని గ్రామీణ రోడ్లకూ అదే వర్తింపజేసి, ఆ గడువును ఊరి మొదట్లో తెలుగులో రాసిపెట్టాలి.

తారు పోసే రోజు వెళ్లి గొడవపడితే లాభం లేదు. అంచనాలు వేసేటప్పుడే గ్రామసభలో అడగాలి: ఈ పాత కంకరను ఏం చేస్తున్నారు? నీళ్లు ఎటు పోతాయి?