భద్రాద్రి దాటి సముద్రం దాకా

మా బి.ఎస్సి. రెండవ సంవత్సరం విద్యార్థిని ఒకామె ఈ మధ్య నాతో మాట్లాడుతూ, తాను సముద్ర విజ్ఞానశాస్త్రం చదవదలచినానని చెప్పినది. ప్రక్కనున్నవారు నవ్వినారు. “ఖమ్మంలో సముద్రమెక్కడిది?” అని ఒకరు, “ఆడపిల్ల ఓడ ఎక్కుతుందా?” అని మరొకరు. ఆ అమ్మాయి కూడ వారితోపాటు నవ్వి ఊరుకున్నది. ఆమె నవ్వినందుకే నాకు బాధ కలిగినది. ఆ రెండు ప్రశ్నలకు ఆనాడు చెప్పలేకపోయిన సమాధానం ఇక్కడ చెప్పుకుంటున్నాను.

సముద్రం మనకు దూరమన్నది పటం చూచి అనే మాట. భద్రాచలం వద్ద గోదావరి 43 అడుగులకు చేరితే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. ఈ అంకెలు మన్యం గ్రామాలలో చదువురాని ముసలమ్మలకు సైతం కంఠస్థమే. 1986 ఆగస్టులో నీరు 75 అడుగులు దాటినది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. ఇటువంటి వరదలకు మూలం తరచుగా బంగాళాఖాతంలో పుట్టే అల్పపీడనమే. ఋణం ఒక వైపుదే కాదు. గోదావరి వంటి నదులు మోసుకుపోయే మంచినీరు బంగాళాఖాతంలో ఉప్పు తక్కువైన తేలిక పొరగా పైన పరచుకుంటుంది. క్రింది చల్లని నీరు దానితో సులభంగా కలియదు. అందువలన పైనీటి వేడి తరగక నిలిచి, తుఫానులకు బలమిస్తుంది. అంటే మన రేవు ముందునుండి పోయిన నీటికి అక్కడి గాలివానలో పాత్ర ఉన్నదన్నమాట. మన రేవులో పారవేసిన ప్లాస్టిక్ సంచీకి కూడ దారి అదే: కోరింగ మడ అడవులు, ఆపైన ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గ్రుడ్లు పెట్టే తీరం.

ఉర్దూ విభాగపు మిత్రులకు మరొక మాట. ఇంగ్లీషువారి ‘మాన్సూన్’ అరబ్బీ ‘మౌసిమ్’ నుండి వచ్చినదే. మన ఇండ్లలో ప్రతిదినం పలికే ‘మౌసమ్’ కూడ అదే. ‘సమందర్’కు, ‘సముద్రం’కు మూలం సంస్కృతమే. మాటలు ఇంత దూరం వచ్చినవి గదా, మనం అటు పోరాదా?

అంతేకాదు, సముద్రాన్ని పరిశీలించే ఒక ప్రముఖ జాతీయ సంస్థ, ఇన్‌కాయిస్, కెరటమే కనిపించని హైదరాబాదులో 1999లో ఏర్పడినది. ఉపగ్రహాలు పంపే నీటి ఉష్ణోగ్రతను, హరితపు జాడను చూచి చేపలు ఎక్కడ దొరికే అవకాశమున్నదో జాలరులకు తెలుపుతారు. 2004 డిసెంబరు 26 నాటి ఉప్పెన తరువాత నెలకొల్పిన సునామీ హెచ్చరిక కేంద్రం 2007 నుండి అక్కడే పనిచేస్తున్నది.

ఇక ఓడ మాట. అదితి పంత్ నాగపూరులో జన్మించినారు. అదీ సముద్రం లేని ఊరే. గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థలో పనిచేస్తూ 1983-84లో మూడవ భారత యాత్రాబృందంతో అంటార్కిటికా వెళ్ళినారు. భూగర్భ శాస్త్రవేత్త సుదీప్తా సేన్‌గుప్తా కూడ ఆ బృందంలో ఉన్నారు. భారత అంటార్కిటికా యాత్రాబృందాలలో పాల్గొన్న తొలి మహిళలు వారిద్దరే. మరి చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థకు చెందిన ఇంజనీరు పూర్ణిమా జలిహాల్ చేసిన పని నాకు ఇంకా ప్రియమైనది. పైనున్న వెచ్చని సముద్రజలాన్ని తక్కువ పీడనంలో ఆవిరిగా మార్చి, లోతునుండి తోడిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లార్చి, మంచినీరు తీయటం ఆ విధానం. 2005లో లక్షద్వీపాలలోని కవరత్తిలో రోజుకు లక్ష లీటర్లిచ్చే కేంద్రం ఈ పద్ధతిపై వెలసినది. ఆ ద్వీపవాసులు దాదాపు అందరూ ముస్లింలు. చుట్టూ సముద్రముండి త్రాగునీటికి కరువైన ఇండ్లలో ఆ నీటి విలువ ఏమిటో బిందె మోసిన స్త్రీకి వేరుగా చెప్పాలా?

“ఓడ ఎక్కకుండానే ఈ శాస్త్రం చదువవచ్చు” అని తల్లిదండ్రులను ఒప్పించవచ్చునని ఒక మిత్రుడు సలహా ఇచ్చినాడు. అబద్ధం కాదు; కంప్యూటరు ముందు, ప్రయోగశాలలో జరిగే పని ఎంతో ఉన్నది. అయినా ఆ బేరం నాకు సమ్మతం కాదు. అమెరికాలో మేరీ థార్ప్‌ను స్త్రీ అన్న కారణంతో చాలాకాలం పరిశోధన నౌక ఎక్కనివ్వలేదు. పురుషులు కొలిచి తెచ్చిన లోతుల అంకెలతో ఆమె ఒడ్డున కూర్చుండి అట్లాంటిక్ అడుగు పటం గీసినారు. పర్వతశ్రేణి నడుమ పొడవాటి పగులు లోయ ఉన్నదని చెప్తే, సహచరుడే మొదట దానిని ఆడవారి కబురుగా త్రోసివేసినాడు. చివరకు ఆమె మాటే నిజమైనది. తానే సముద్రం మీదికి పోయి ఉంటే ఆ మాట నెగ్గటానికి అంత శ్రమ పడవలసి వచ్చేదా?

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలికచేయను. దూరపు హాస్టలు, నెలల ప్రయాణం, ఖర్చు, పెండ్లి వయస్సు, ఇవన్నీ మన ఇండ్లలోని నిజాలే. కాని మన పిల్లలలో అనేకులు ఆ భయం వరకు కూడ రావటం లేదు. అటువంటి చదువు ఒకటి ఉన్నదనే వారికి తెలియదు. ఇంటర్మీడియట్ కాగానే ఏమి చదువుతావంటే మూడు నాలుగు పేర్లే వినవస్తున్నవి. విశాఖలోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో 1950ల నాడే సముద్ర విజ్ఞాన పరిశోధన మొదలైనదని వారికి చెప్పినవారెవ్వరు? ఈ లోపం ఇంటిది కాదు, మాది.

కనుక కళాశాల కమిటీ పెద్దలకు నా మనవి ఒక్కటే. ప్రతి యేడు విహారయాత్రకు కేటాయించే బస్సులలో ఒకదానిని ఈసారి విజ్ఞానశాస్త్ర విద్యార్థినులకు ఇచ్చి, అనుమతి తీసికొని, హైదరాబాదులోని ఆ సంస్థకు పంపండి. ఒక అధ్యాపకురాలు వెంట వస్తారు. అభ్యంతరం చెప్పే తల్లిదండ్రుల ఇండ్లకు నేనే స్వయంగా వెళ్ళి మాట్లాడుతాను. వారికి పంపవలసిన లేఖను ఉర్దూలోను తెలుగులోను వ్రాసి సిద్ధంగా ఉంచినాను. ప్రిన్సిపాలుగారి సంతకం కావలసి ఉన్నది.