చర్చిలు వాదము - మన ప్రజలు

1948 జూలై 30వ తేదిన బ్రిటిషు కామన్సు సభలో నాటి ప్రతిపక్ష నాయకుడు విన్‌స్టన్ చర్చిలు హైదరాబాదు సంస్థానము పక్షమున తీవ్రముగ వాదించెను. బ్రిటిషువారి పరమాధికారము 1947 నాటి భారత స్వాతంత్ర్య శాసనముతో తొలగినదనియు, సంస్థానాధీశులకు తమ దారి నెన్నుకొను స్వేచ్ఛ కలదని మంత్రులు చెప్పియుండిరనియు, ఆ మాటను నిలుపుట బ్రిటనునకు ధర్మమనియు నాతని భావము. ప్రధాని అట్లీ ఈ వాదము నంగీకరింపలేదు.

న్యాయస్థానమున నీ వాదము కొంత నిలువగలదు. శాసనమునందలి 7వ విభాగము పరమాధికారము ముగిసినదనియే చెప్పుచున్నది. అయితే తొలగిన యధికారము ఎవరికి చెందవలెను? సింహాసనమునకా, ప్రజలకా? దీనికి శాసనము బదులు చెప్పదు. 1941 జనాభా లెక్కలను బట్టి సంస్థాన ప్రజలు 1 కోటి 63 లక్షలు. వాగ్దానములు పొందినది ప్రభువులే గాని వీరు కారు.

ఆ ప్రజల మాట వినదలచినవారు లండనునకు పోనక్కరలేదు. తిరుమలగిరి, సూర్యాపేట, కోదాడ ప్రాంతములు నాడు నల్లగొండ జిల్లాలోనివి. వెట్టిచాకిరియు, దేశముఖుల దౌర్జన్యమును ఇచ్చటివారికి కథలు కావు. 1941లో రావి నారాయణరెడ్డిగారి యధ్యక్షతన చిలుకూరున ఆంధ్రమహాసభ జరిగెను. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకిగుండ్లకు బలియయ్యెను. కామన్సు చర్చ జరిగి నాలుగు వారములు గడచెనో లేదో, ఆగస్టు 27న బైరాన్‌పల్లిలో రజాకారుల చేతను, నిజాము బలగముల చేతను పలువురు గ్రామస్థులు హతులైరి. ప్రభువు హక్కుల లెక్కలో ఈ ప్రాణములకు చోటు లేకపోయెను.

అయితే ప్రజలే ప్రమాణమని పలుకువారు ఆ ప్రమాణమును అందరికిని వర్తింపజేయవలెను. సెప్టెంబరు 13 మొదలు 17 వరకు జరిగిన సైనికచర్య నిజాము పాలనను ముగించెను. ఆ వెనుక సంస్థానమునందు పలుచోట్ల ముస్లిము కుటుంబములు హింసకు గురియయ్యెను. భారత ప్రభుత్వము పంపిన సుందరలాల్ సంఘము మృతుల సంఖ్యను 27 వేలు మొదలు 40 వేల వరకని యంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దములపాటు ప్రకటింపబడలేదు. విమోచనమును గూర్చి గర్వించు మనము దీనిని దాచిన, చర్చిలు మరచిన ప్రజలను మనమును మరచినవార మగుదుము.

సామ్రాజ్యవాది చేసిన ప్రసంగమును నిందించుట సులభము. దానినుండి పాఠము గ్రహించుట కష్టము. ఏ శాసనసభలో నెవరు హక్కులనుగూర్చి పలికినను, "ఆ హక్కు లెవరివి? వాని భారము మోయువా రెవరు?" అని యడుగుడు. ఇట్లడుగుటయే పౌరుల ధర్మము.