కాగితం రాసివ్వనోడి లారీ ఎక్కొద్దు

వాన మొహం చాటేస్తే అనంతపురం పల్లెలకు కరువు బృందం కన్నా ముందే లారీ కంపెనీ ఏజెంటు వస్తాడు. శెనక్కాయ చేను ఊడలు దిగకముందే ఎండిపోయిన ఇల్లేదో, బోరు మీద బోరు వేసి అప్పులపాలైన ఇల్లేదో, హెవీ లైసెన్సున్న కొడుకున్న ఇల్లేదో అతనికి బాగా తెలుసు. నేరుగా ఆ కుర్రాడి దగ్గరికే పోతాడు. “ఏమప్పా, హెవీ ఉందా? నెలకు పాతికవేలు. బత్తా వేరే. ఏసీ క్యాబిన్. బండికి ఇద్దరు డ్రైవర్లు. రేపే ఎక్కొచ్చు.” అడ్వాన్సని కొంత చేతిలో పెడతాడు. మరునాడు కుర్రాడు బండి మీద ఉంటాడు.

నేను చెప్పేది ఒక్కటే. ఆ మాటలన్నీ కాగితం మీదికి వచ్చి, కింద కంపెనీ ముద్ర పడేదాకా ఎవరూ ఆ లారీ ఎక్కొద్దు. తల్లిదండ్రులు ఎక్కనివ్వొద్దు. కరువును చూపించి కుర్రాళ్లను చౌకగా కొనుక్కుపోయే ఈ పద్ధతిని ఉపాధి అని పిలవడం ఇకనైనా మానుకోవాలి.

ఏజెంటు మాట నిజమో కాదో తేల్చుకోవడానికి దూరం పోనక్కర్లేదు. గుత్తికి పోండి. 44వ నంబరు, 67వ నంబరు జాతీయ రహదారులు కలిసే చోటు అది. తాడిపత్రి బండలు, సిమెంటు, అనంతపురం చీనీకాయలు, పెనుకొండ దగ్గర 2019 నుంచి కియా తయారుచేస్తున్న కార్లు, అన్నీ ఈ రోడ్లమీదే పోతాయి. టీ కొట్టు పక్కన బండి ఆపి, టైర్లు తట్టి చూసుకుంటున్న నడివయసు డ్రైవరును అడగండి: “అన్నా, నీ కొడుకును ఈ పనిలో పెడతావా?” సేవ్‌లైఫ్ ఫౌండేషన్ 2020లో విడుదల చేసిన సర్వేలో దేశంలోని లారీ డ్రైవర్లలో 84 శాతం మంది తమవాళ్లకు ఈ పని చెయ్యమని చెప్పబోమన్నారు. అందులో బతుకు వెళ్లదీసినవాళ్లే వద్దంటున్న పనిని, తలకింతని కమీషన్ తీసుకునేవాడు బంగారమంటే ఎట్లా నమ్ముతాం?

పాతికవేలనే మాటే ముందు చూద్దాం. 1961 నాటి మోటారు రవాణా కార్మికుల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు మించి పని చేయించొద్దంది. దూరప్రయాణాలకు అనుమతి తీసుకున్నా రోజుకు 10, వారానికి 54 దాటకూడదంది. అదనపు పనికి రెట్టింపు కూలి ఇవ్వాలి. నెలకు 26 రోజులు, రోజుకు 8 గంటలు పనిచేస్తే 208 గంటలు. పాతికవేలను దానితో భాగిస్తే గంటకు 120 రూపాయలు. ఇప్పుడు రోడ్డు మీది లెక్క వేయండి. రోజుకు 14 గంటల చొప్పున 28 రోజులైతే 392 గంటలు. గంటకు 64 రూపాయలు కూడా పడదు. జీతం అంకె మారలేదు, మనిషి విలువ మాత్రం సగానికి పడిపోయింది. అందుకే ఏజెంటు గంటల ఊసే ఎత్తడు.

“బత్తా వేరే” అన్నాడు కదా, ఆ బత్తా ఎక్కడ మాయమవుతుందో ట్రిప్పు షీటులో కనిపిస్తుంది. ఒక వైపు ఆఫీసు ఇచ్చిన అడ్వాన్సు. రెండో వైపు డీజిలు, కాటా, హమాలీ, పంక్చరు, పార్కింగు, దారిపొడవునా ఇచ్చుకున్న మామూళ్లు. మామూళ్లకు రసీదు ఉండదు గనక ఆఫీసు ఒప్పుకోదు. సరుకులో షార్టేజీ వస్తే డ్రైవరు ఖాతాలోనే. అన్నిటికన్నా పెద్ద దెబ్బ మైలేజీ. ఢిల్లీ పోయి రావడానికి దాదాపు 4,000 కిలోమీటర్లు అనుకుందాం. లీటరుకు నాలుగు రావాలని ఆఫీసు పట్టుబడితే వెయ్యి లీటర్లు చాలు. నిండు లోడుతో, ట్రాఫిక్కులో, ఎండలో మూడున్నరే వస్తే 1,143 లీటర్లు కావాలి. మిగతా 143 లీటర్లు “నువ్వే అమ్ముకున్నావు” అంటారు. లీటరు 90 చొప్పున చూసినా 12,800 దాటింది. ఒక్క ట్రిప్పులో సగం జీతం పోయింది, పైగా దొంగ అనిపించుకున్నాడు. ఇంజను పాతదని, గాలి తగ్గిన టైర్లతో పంపారని అతను చెప్పినా రాసుకునేవాడుండడు.

బండికి ఇద్దరు డ్రైవర్లన్నది మూడో మాట. చీనీకాయల లోడు ఆగదు. ఆలస్యమైతే కాయ మెత్తబడుతుంది, ఢిల్లీ మార్కెట్లో రేటు పడిపోతుంది. ఆ తొందర మోయడానికే రెండో డ్రైవరు కావాలి. బండి బయల్దేరే రోజు “వాడు జ్వరమొచ్చి రాలేదు, ఈ ఒక్కసారికి సర్దుకో” అంటారు. తర్వాత ప్రతిసారీ అదే ఒక్కసారి. క్లీనరు కూడా ఉండడు. తెల్లవారుజామున మూడింటికి కళ్లు మూతలు పడుతున్న మనిషికి ఆఫీసు నుంచి ఫోన్ వస్తుంది: “జీపీఎస్‌లో బండి ఆగినట్టు కనపడతాంది, ఏమైందప్పా?” బండి ఆగితే తెలుసుకునే యంత్రం పెట్టారు, మనిషి ఎన్ని గంటలుగా నిద్రపోలేదో లెక్కపెట్టేవాడు లేడు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే ప్రకటించింది. నిద్రలేని డ్రైవరును రోడ్డు మీదికి తోలడం అతనొక్కడికే జరిగే అన్యాయం కాదు. ఎదురుగా మోటార్‌సైకిల్ మీద వచ్చే ప్రతి కుటుంబానికీ ప్రమాదం.

ఏసీ క్యాబిన్ ఎవరి దయా కాదు. 2025 అక్టోబరు 1 నుంచి తయారయ్యే పెద్ద ట్రక్కులన్నిటికీ అది ఉండితీరాలని కేంద్రమే నియమం పెట్టింది. కొత్త బండిని ఫోన్‌లో చూపించి పాత బండి తాళం చేతికిస్తే ఏం చేస్తారో ముందే అడగాలి.

ఇక ఏజెంటు నోరెత్తని సంగతి: బండి బోల్తా పడితే? విధుల్లో చనిపోయిన కార్మికుడి కుటుంబానికి యజమాని పరిహారం ఇవ్వాలన్న నియమం 1923 నుంచి ఉంది. గూడ్సు బండి డ్రైవరుకు ఆ మేరకు బీమా ఉండాలని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. అయితే కోర్టులో ఆ ఇల్లాలికి ఎదురయ్యే మొదటి ప్రశ్న “నీ భర్త వీళ్ల దగ్గరే పనిచేసినట్టు రుజువేది, జీతమెంత?” అనేదే. నియామక పత్రం లేదు. జీతం చేతికిచ్చారు. ఏజెంటు ఫోన్ ఎత్తడు. “మా డ్రైవరు కాడు, బదిలీకి వచ్చినోడు” అని యజమాని అనేస్తే ఆమె ఏం చూపించాలి? ఒక్క కాగితం లేకపోవడం వల్ల మనిషీ పోయాడు, అతను పనిచేశాడన్న నిజమూ పోయింది.

యజమానులకూ కష్టాలున్నాయి. డీజిలు, టోలు, ఫైనాన్సు కంతులు, తిరుగు లోడు దొరక్క ఖాళీగా నిలబడే రోజులు. ఒకే బండి ఉన్న చిన్న ఓనరు నలిగిపోతున్న మాట నిజం. కిరాయి పెంచమని అతను కొట్లాడితే నేను అతని వెనక నిలబడతాను. కానీ రాతపూర్వకంగా జీతం చెప్పడానికి ఖర్చేముంది? నిజం రాసిస్తే మనుషులు దొరకరన్న భయంతోనే రాసివ్వడం లేదు. 2020లో పార్లమెంటు ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్య కోడ్ ఉద్యోగికి నియామక పత్రం ఇవ్వాలంటోంది. మనం అడుగుతున్నది ఉపకారం కాదు.

“కరువులో ఏదో ఒక పని దొరికింది చాలదా?” అనే పెద్దమనుషులకు నా జవాబు: చాలదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన పడే ఈ నేలలో పుట్టడం మా పిల్లల నేరం కాదు. మేఘం మోసం చేసిందని మనిషి కూడా మోసం చేయొచ్చా? ఎద్దును కొనేటప్పుడు పళ్లు చూసి, నడక చూసి, నలుగురిని అడిగి గానీ రూపాయి తీయని రైతు, కన్నకొడుకును పరాయివాడి బండికి అప్పగించేటప్పుడు ఎందుకు అడగడు? అవసరం నోరు కట్టేస్తోంది కనక. ఆ అవసరాన్నే ఏజెంటు సొమ్ము చేసుకుంటున్నాడు.

అందుకే ఈ భారం ఒక్క కుర్రాడి మీద వేసి ఊరుకోకూడదు. నమూనా నియామక పత్రం తెలుగులో చూపించని ఏ రవాణా కంపెనీకీ జాబ్ మేళాలో కుర్చీ వేయకూడదు. అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల కార్మిక శాఖ అధికారులు ట్రాన్స్‌పోర్టు ఆఫీసుల్లోకి పోయి డ్యూటీ గంటలు, ట్రిప్పు షీట్లు, జీతం కోతలు తనిఖీ చేయాలి. జీపీఎస్ రికార్డు యజమాని దగ్గర ఎటూ ఉంది. డ్రైవరు ఎన్ని గంటలు నడిపాడో అదే చెబుతుంది. దాన్ని అడిగి తీసుకునే ధైర్యం అధికారికి కావాలి.

హెవీ లైసెన్సు జేబులో పెట్టుకుని ఏజెంటు కోసం చూస్తున్న తమ్ముడా, డ్రైవర్లు లేక బండ్లు నిలిచిపోతున్నాయని ఆ యజమానులే చెప్పుకుంటున్నారు. అంటే వాళ్ల అవసరమూ తక్కువదేం కాదు. జీతమెంత, గంటలెన్ని, రెండో డ్రైవరు ఎవరు, కోతలు దేనికి, బీమా ఏది అని అడుగు. నీ పేరుతో రాసిమ్మను. ఒరిజినల్ లైసెన్సు వాళ్ల ఆఫీసులో పెట్టొద్దు. ఖాళీ ప్రోనోటు మీద సంతకం చేయొద్దు. ఇవన్నీ అడ్వాన్సు ముట్టుకోకముందే అడగాలి. ముట్టుకున్నాక నువ్వు బాకీదారువి, నీ మాట చెల్లదు. ఊళ్లో ఒక్కడే అడిగితే ఏజెంటు పక్కింటికి పోతాడు. లైసెన్సున్న వాళ్లంతా కూడి ఒకే మాట మీద ఉంటే, కాగితం తెచ్చుకునే ఊళ్లో అడుగు పెడతాడు.